మేస్త్రి గారి ఎడమ కోరపన్ను

మనిషికి రెండు చేతులు చాలవన్న సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు కుర్చీలకి గుడ్డ వేసేవాడే అయ్యుంటాడు. ఒక చేత్తో గుడ్డని బిగలాగి పట్టుకోవాలి. రెండో చేత్తో సుత్తి ఆడించాలి. మరి మేకు ఎవరు పట్టుకుంటారు? దానికి మూడో చెయ్యి కావాలి. మన మేస్త్రికి ఆ మూడో చెయ్యి నోరే.

పొద్దున్నే పనిలో కూర్చుంటూ గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకునేవాడు. అవి ఎడమ బుగ్గలో సర్దుకునేవి. నాలుక ఒక్కో మేకునీ వెతికి, తిప్పి, తలకాయ బయటికి వచ్చేలా కోరపన్ను పక్కనుంచి పెదాల మధ్యకి పంపేది. సుత్తి కొసకి అయస్కాంతం ఉంటుంది కాబట్టి దాన్ని పెదాల దగ్గరికి తెస్తే చాలు, మేకు తల ఠక్కున అంటుకునేది. ఒక దెబ్బకి మేకు నిలబడేది, రెండో దెబ్బకి దిగేది. చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేవి గానీ ఆయనకి మాత్రం అది ఊపిరి పీల్చినంత తేలిక. ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఒక్క మేకు కూడా మింగలేదు.

ఇలా పనిచేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అందరి చేతుల్లోకీ పిన్నులు కొట్టే గన్ను వచ్చేసింది. షాపులో సగం వాటా ఉన్న బావమరిది, అంటే ఆయన భార్యకి సొంత తమ్ముడు, కూడా గన్నువాడే. "బావా, నేను చేత్తో పనిచేస్తాను, నువ్వు నోటితో చేస్తావు. మనిద్దర్లో మనిషెవడో నువ్వే చెప్పు" అని ఎగతాళి చేసేవాడు. మేస్త్రి నోటినిండా మేకులున్న సమయం చూసి మరీ అడిగేవాడు, జవాబు రాదని. అయితే సన్నటి అంచులున్న పాతకాలం కుర్చీలు వచ్చాయంటే ఆ ఎగతాళి ఆగిపోయేది. గన్ను దెబ్బకి వాటి చెక్క పగులుతుంది. అవన్నీ నోరు మూసుకుని బావ ముందు పెట్టాల్సిందే.

అలాంటి నోటికి చిగుళ్ళ జబ్బు చేసింది. దానంత మర్యాద తెలిసిన జబ్బు ఇంకోటి లేదు. నొప్పి పెట్టదు, జ్వరం తెప్పించదు, పని మానిపించదు. పళ్ళు తోముకునేటప్పుడు కాస్త రక్తం, లేవగానే నోట్లో కాస్త చేదు, అంతే. లోపల మాత్రం పంటి చుట్టూ ఉన్న ఎముకని కొంచెం కొంచెంగా కరగదీసుకుంటూ పోతుంది. మేస్త్రి ఏళ్ళ తరబడి దాన్ని పట్టించుకోలేదు. ఒకరోజు నాలుక మేకుని తోస్తుంటే దానితోపాటు పై వరసలో ఎడమ కోరపన్ను కూడా కదిలింది. ఆయన సుత్తి కింద పెట్టి, వేలితో కుడి కోరపన్ను ముట్టుకుని చూశాడు. అదీ కదిలింది.

పళ్ళ ఆసుపత్రిలో ఆయన్ని చూసిన డాక్టరమ్మ నలభై ఏళ్ళ మనిషి, మాట మెత్తన, చూపు ఖచ్చితం. ఎక్స్‌రేని వెలుతురు పలక మీద పెట్టి పెన్సిల్‌తో చూపించింది.

"మేస్త్రి గారూ, ఇక్కడ నల్లగా ఉంది చూశారా? ఇక్కడ ఎముక ఉండాలి. కరిగిపోయింది. మీ పన్ను శుభ్రంగా ఉంది, దాని చుట్టూ ఉన్న గోడే కూలిపోయింది."

"మళ్ళీ రాదా డాక్టరమ్మా?"

"చిగుళ్ళు శుభ్రం చేస్తే జబ్బు ఆగుతుంది. పోయిన ఎముక మాత్రం రాదు. ఇలాగే వదిలేస్తే ఏడాది రెండేళ్ళలో ఈ రెండూ ఊడిపోతాయి."

"ఊడితే కట్టుడుపళ్ళు పెట్టించుకుంటారులెండి. దానికేముంది" అంది పక్కన కూర్చున్న భార్య.

కట్టుడుపన్ను తినడానికి పనికొస్తుంది, నలుగురిలో నవ్వడానికి పనికొస్తుంది. మేకు ఎటు తిరిగి ఉందో మాత్రం దానికి తెలియదు. సొంత పన్నుకి తెలుస్తుంది. దాని మీద వెంట్రుక పడినా అది కనిపెట్టి చెబుతుంది. ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా ఆయన చూడకుండా మేకు కొట్టగలిగింది ఆ పన్ను చెబుతూ ఉండబట్టే.

"ఆ పళ్ళు పోతే నా పని పోయినట్టేనమ్మా" అన్నాడు.

డాక్టరమ్మకి అది మామూలు బెంగలాగే వినిపించింది. పళ్ళు పోతాయంటే ఎవరైనా అలాగే అంటారు. కుర్చీలకి గుడ్డ వేసేవాడికి పళ్ళతో పనేముంటుందని ఆవిడకి తట్టలేదు. అలా అని తప్పుపట్టడానికీ లేదు, ఎవరికి మాత్రం తడుతుంది?

కాసేపు ఆలోచించి ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. పంటికీ ఎముకకీ మధ్య సన్నటి నారల పొర ఒకటుంటుంది. ఆ పొరలో మూలకణాలుంటాయి. అవి ఇంకా ఏ పనిలోనూ స్థిరపడని కణాలు; అవసరాన్ని బట్టి ఎముకా కాగలవు, నారా కాగలవు. ఎలాగూ తీసేయాల్సిన జ్ఞానదంతం ఒకటి మేస్త్రి నోట్లో ఉంది. దాన్ని పీకి, దాని వేరు మీదున్న కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, కోరపన్ను పక్కనున్న గుంటలో పెడితే పోయినదాన్ని అవి మళ్ళీ కట్టవచ్చు. కట్టకపోనూవచ్చు. అది తేల్చుకోవడానికే పన్నెండుమంది మీద ప్రయోగం చేస్తున్నారు.

"మీకు రెండు పక్కలా ఇంచుమించు ఒకేలాంటి గుంటలున్నాయి. ఒకదాంట్లో మీ కణాలు పట్టించిన స్పంజి పెడతాం. రెండోదాంట్లో ఉత్త స్పంజి. ఏ పక్క ఏది పెట్టామో మీకూ తెలీదు, నాకూ తెలీదు" అంది.

"అదేంటమ్మా, పెట్టేది మీరే కదా!"

"నాకు తెలిస్తే నా కళ్ళు నాకు కావలసిందే చూస్తాయి మేస్త్రి గారూ. అందుకని తెలియనివ్వరు. ఈవిడకి మాత్రం తెలుస్తుంది." గది మూల కంప్యూటర్ ముందు కూర్చున్న ఒకావిడ తల ఎత్తి చిన్నగా నవ్వింది. కణాలు పెంచేది ఆవిడే. ఏ పక్క ఏదో రాసి, కవర్లో పెట్టి అతికించి, బీరువాలో దాచేదీ ఆవిడే. మేస్త్రి ఆ రోజే ఆవిడకి కణాలమ్మ అని పేరు పెట్టేశాడు.

స్పంజి అన్న మాట వినగానే మేస్త్రికి సగం ధైర్యం వచ్చింది. లోకంలో ఆయనకి బాగా తెలిసిన వస్తువేదైనా ఉందంటే అది స్పంజే. నాలుగు పేజీల ప్రశ్నలకి బుద్ధిగా జవాబులు చెప్పాడు. పొగ తాగుతారా? లేదు. పొగాకు నములుతారా? లేదు. గట్టి గింజలు కొరుకుతారా? లేదు. నిద్రలో పళ్ళు నూరతారా? లేదని భార్య చెప్పింది. నోట్లో మేకులు పెట్టుకుంటారా అని ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఆయన దాచలేదు, చెప్పాలని తోచలేదు.

జ్ఞానదంతం పీకించుకుని బుగ్గ వాచి ఇంటికొస్తే భార్య ఊరుకుంటుందా! "ఉన్న కాస్త జ్ఞానం కూడా వాళ్ళకి ఇచ్చేసి వచ్చారా?" అంది. అంటూనే బుగ్గకి ఐసుముక్క కట్టింది.

కణాలు పెరగడానికి నెల పైన పట్టింది. మేస్త్రి రెండు రోజులకోసారి ఫోన్ చేసి "మావాళ్ళెలా ఉన్నారు?" అని అడిగేవాడు. "తింటున్నారు, పెరుగుతున్నారు. ఇవాళే మేత మార్చాను" అనేది కణాలమ్మ. ఒకసారి పని మీద అటు వెళ్తే అద్దం గోడకి ఇవతల నిలబెట్టి దూరంనుంచి చూపించింది కూడా. ఆవిడ తలకి టోపీ, చేతులకి తొడుగులు, ఊపిరి తగలకుండా మూతికి గుడ్డ. చదునైన చిన్న సీసాలో గులాబీ రంగు నీళ్ళు. అందులో ఏమీ కనబడలేదు. అయినా మేస్త్రి చాలాసేపు చూసి, ఇంటికొచ్చి బాగున్నారని చెప్పాడు.

చిగుళ్ళు కోసి, స్పంజి పెట్టి, కుట్లు వేసి పంపిస్తూ డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. "మూడు నెలలు మెత్తటి తిండి. పై పళ్ళకి గట్టిది ఏదీ తగలకూడదు. లోపల కొత్తగా కడుతున్నది సాలీడు దారంకన్నా పల్చగా ఉంటుంది. ఒక్కసారి తెగితే మళ్ళీ పెట్టడానికి ఉండదు."

మేస్త్రి తు.చ. తప్పకుండా పాటించాడు. గంజి తాగాడు, ఉడికించిన కూరగాయలు తిన్నాడు, గుడ్డు చిదుపుకుని తిన్నాడు. షాపులో బావమరిది ఒక వెడల్పాటి గిన్నెలో మేకులు పోసి మోకాలి పక్కన పెట్టాడు. ఒక్కో మేకునీ వేళ్ళతో ఏరుకుని కొట్టడంతో పనికి రెట్టింపు కాలం పట్టేది. ఆ పళ్ళు నిలబడితే చాలు, ఎంత ఆలస్యమైనా ఫరవాలేదనుకున్నాడు. అయిదు వారాలు అలాగే గడిచాయి. ఎడమ పన్ను గట్టిపడుతున్నట్టు ఆయనకి రోజూ అనిపించేది. అది నిజమో ఆశో తేల్చుకోవడానికి వేలు పెట్టి కదిపి చూసే ధైర్యం మాత్రం చేయలేదు.

ఆరో వారంలో గ్రంథాలయం నుంచి ఎనిమిది కుర్చీలు వచ్చాయి. గుండ్రటి వీపు, వేలెడు వెడల్పు కూడా లేని అంచు, వందేళ్ళనాటి చెక్క. గన్ను పనికిరాదు. ఆరు కుర్చీలు గిన్నెలోంచి ఏరుకునే పూర్తిచేశాడు. ఏడోదాని వీపు దగ్గర గుడ్డ మొండికేసింది. ఒక పక్క లాగితే రెండో పక్క ముడతపడుతోంది. ఎడమ చెయ్యి వదిలితే అరగంట శ్రమ వృథా. కుడి చేతిలో సుత్తి. గిన్నె అందేంత దూరంలోనే ఉంది.

తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా ఆ మేకులు నోట్లోకి ఎప్పుడు వెళ్ళాయో ఆయనకి జ్ఞాపకం రాలేదు. సుత్తి కింద పెట్టాడో, గిన్నెలో చెయ్యి పెట్టాడో ఏమీ గుర్తులేదు. అలవాటు పడ్డ ప్రాణం మనిషిని అడిగి పనిచేయదు. గుడ్డ చక్కగా దారికొచ్చింది. సుత్తి టకటకలాడింది. చాన్నాళ్ళకి పని పనిలా సాగుతోందని ఆయనకి ఎంతో హాయిగా అనిపించింది. అప్పుడే వెనకనుంచి గ్రంథాలయం ఆవిడ వచ్చి "ఏమండీ మేస్త్రి గారూ, మా కుర్చీలెంతవరకూ వచ్చాయి?" అంది. ఆయన అదిరిపడి నోరు మూశాడు. మేకు మొన ఎడమ కోరపన్ను పైన, కుట్లు విప్పిన చోట, సూటిగా దిగింది.

ఆవిడ వెళ్ళేదాకా ఓర్చుకుని, మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. అయిదు మేకులు, కాస్త రక్తం. గన్ను పట్టుకుని నిలబడ్డ బావమరిది ముఖం పాలిపోయింది.

"బావా, ఎంత పని చేశావు! పద, ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"ఏం కాలేదురా. చిన్న గాటు."

"నేను అక్కకి చెప్తాను."

"చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు" అన్నాడు మేస్త్రి. ఆయన అంత కటువుగా మాట్లాడటం బావమరిది ఎప్పుడూ వినలేదు. అందుకే నోరు మెదపలేదు.

భయం అలాంటిది. మాట వినలేదని ప్రయోగంలోంచి తీసేస్తారేమో, కణాలమ్మ నెల రోజులు మేతపెట్టి సాకిందంతా ఒక్క మేకుతో పోయిందని తెలిస్తే ఏమంటుందో, అన్నిటికన్నా ముందు ఈ పన్ను ఇక నిలవదని డాక్టరమ్మ నోటితో వినాల్సి వస్తుందేమో. చెప్పకపోతే ఏమీ జరగనట్టే ఉంటుంది కదా అనుకున్నాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. భార్య అడిగితే బ్రష్షు గీసుకుందన్నాడు. ఒక రోజు, రెండు రోజులు, వారం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి పెదవి పైన బుగ్గ బంతిలా ఉబ్బి, ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. భార్య ఇక ఏమీ అడగలేదు. చెప్పులు వేసుకుని, ఆయన చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ చీము తీసి, మందు పెట్టి, కుర్చీ పైకి లేపింది. ఫైలు తెరిచి పెన్ను పట్టుకుంది. కణాలమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది.

"ఏదైనా గట్టిది తగిలిందా మేస్త్రి గారూ?"

మేస్త్రి భార్య వైపు చూశాడు, కింద చూశాడు. "క్యారెట్ ముక్కమ్మా. ఉడికిందే. సరిగ్గా ఉడకలేదేమో."

"ఉడికిన క్యారెట్టా?" డాక్టరమ్మ పెన్ను ఆగింది. నెమ్మదిగా, తనలో తను అనుకున్నట్టు అంది: "ఆరు వారాల తర్వాత ఉడికిన క్యారెట్‌కే తెగిందంటే లోపల ఏమీ పట్టుకోలేదన్నమాట. సరే, జరిగింది జరిగినట్టు రాసేద్దాం."

మేస్త్రి కణాలమ్మ ముఖం చూశాడు. ఆవిడ ఏమీ అనలేదు. అనకూడదు కూడా. కానీ ఆ ముఖంలో ఏదో ఆరిపోయింది. కవరు చింపకుండానే ఆయనకి అర్థమైపోయింది. కణాలు పెట్టింది ఎడమ పక్కనే. తను ఇంకో ముక్క మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోతే, మూలకణాలు పనిచేయలేదని ఆ ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. పన్నెండుమందిలో ఒకడి లెక్క తప్పితే చిన్న తప్పు కాదు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. తన పన్ను పోతే పోయింది, ఇంకెవరి పన్నో ఎందుకు పోవాలి?

"రాయకండమ్మా. క్యారెట్ కాదు. మేకు."

"మేకేమిటి? మేకు నోట్లోకి ఎలా వెళ్ళింది?"

అప్పుడు చెప్పాడు. ఎడమ బుగ్గ సంగతి, నాలుక తిప్పే సంగతి, అయస్కాంతం సుత్తి, ఎనిమిది కుర్చీలు, తొమ్మిది రోజులు, అన్నీ. చెబుతున్నంతసేపూ భార్య ఆయన్నే చూస్తూ కూర్చుంది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన ఆవిడతో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి, అది ఆవిడకి పన్నుకంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

"నాకు చెప్పి ఉంటే అప్పుడే తీసుకొచ్చేదాన్ని కదండీ" అంది మెల్లగా. "నేనేమైనా కొడతానా?"

"భయమేసిందే" అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ తిట్టలేదు. నాలుగు పేజీల ప్రశ్నల కాగితం తీసి, మొదటినుంచి చివరిదాకా చదివి, పక్కన పెట్టింది. "మీ పనిలో నోటితో ఏం చేస్తారని మేం అడగలేదు. ఆ తప్పు మాది. తొమ్మిది రోజులు దాచడం మాత్రం మీది. మొదటిరోజే వచ్చుంటే చీము పట్టేది కాదు."

ఆ మాట మేస్త్రికి సూటిగా తగిలింది. మేకుది తప్పు కాదు, అలవాటుది తప్పు కాదు, మూసుకున్న నోటిదే తప్పని ఆయనకి తెలుసు. ఇక చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే మిగిలింది.

నియమం ప్రకారం ఆయన్ని లెక్కలోంచి తప్పించారు. తప్పించారు కాబట్టి కవరు తెరిచారు. ఆయన ఊహించినట్టే ఎడమ పక్కన కణాలు, కుడి పక్కన ఉత్త స్పంజి. డాక్టరమ్మ ఇంకో నెల రోజులు ఆ ఎడమ పన్ను కోసం చేయగలిగినదంతా చేసింది. వారానికి రెండుసార్లు శుభ్రం చేసింది, పక్క పళ్ళకి సన్నటి తీగతో కట్టి ఆనించింది. బావమరిది షాపులో మేకుల గిన్నె కనబడకుండా దాచేశాడు. గ్రంథాలయం ఆవిడ ఆఖరి కుర్చీ తొందరేమీ లేదని కబురు చేసింది. కుడి పన్ను, శుభ్రం చేయడం వల్లే కావచ్చు, ఇదివరకంతే కదులుతూ నిలబడి ఉంది. ఎడమది నిలవలేదు. నెల తిరిగేసరికి గాలికి ఊగేలా తయారైంది.

"తీసేద్దాం మేస్త్రి గారూ" అంది డాక్టరమ్మ. "ఉంచితే పక్క పన్నుకి కూడా అంటుతుంది." ఆయన తల ఊపాడు. "ఒకటి అడగనా? తీసిన పన్నూ, దానితో ఊడొచ్చే కాస్త ఎముకా మాకు ఇస్తారా? కోసి చూడాలి."

"తీసుకోండమ్మా. నేనేం చేసుకుంటాను దాన్ని. కానీ మీరు చూసేది నాక్కూడా చూపించాలి."

పన్నుని మందునీళ్ళలో నానబెట్టి, మెత్తబరిచి, కాగితంకన్నా పల్చటి పొరలుగా కోసి, రంగు పట్టించేసరికి రెండు నెలలయింది. ఆ రెండు నెలల్లో మేస్త్రి ఎడమ పక్క ఖాళీ చోటికి నాలుకని అలవాటు చేసుకున్నాడు. గిన్నెలోంచి మేకులు ఏరుకునే పని ఇక జీవితాంతం ఇంతేనని ఒప్పుకున్నాడు. పని నెమ్మదించింది గానీ ఆగలేదు. ఏడుపు వచ్చిన రోజులున్నాయి. నోటినిండా మేకులతో సుత్తి టకటకలాడించిన హాయి ఇక రాదని తలచుకున్నప్పుడు, షాపు వెనక నీళ్ళ పంపు దగ్గర ముఖం కడుక్కునే నెపంతో ఏడ్చాడు. బావమరిది చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆ రోజుల్లో వాడు ఒక్క ఎగతాళీ చేయలేదు. అది మేస్త్రికి ఇంకా కష్టంగా ఉండేది.

కణాలమ్మ ఫోన్ చేసిన రోజు మధ్యాహ్నమే భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. చిన్న గది, కిటికీ మీద తెర, బల్ల మీద సూక్ష్మదర్శిని. డాక్టరమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కణాలమ్మ ఎత్తైన పీట మేస్త్రికి ఇచ్చి, కంటి గొట్టం ఆయన ఎత్తుకి దించింది.

ముందు ఆయనకి తన కనురెప్పలే కనబడ్డాయి. తర్వాత గులాబీ, ఊదా రంగులు మసకమసకగా కనబడ్డాయి. కణాలమ్మ పక్కనున్న మరను కాస్త తిప్పేసరికి అన్నీ ఒక్కసారిగా స్పష్టమయ్యాయి.

"ఎడమవైపు వెడల్పుగా ఉన్నది మీ పంటి వేరు" అంది. "కుడివైపున్నది ఎముక. పైభాగమంతా చిందరవందరగా ఉంది కదా, అది చీము చేసిన పాడు. దాన్ని వదిలేయండి. కిందికి రండి. గుంట అడుగుకి."

మేస్త్రి కిందికి వచ్చాడు. వేరుకీ ఎముకకీ మధ్య సందులో సన్నటి దారాలు కనిపించాయి. చాలా లేవు. పదో పన్నెండో ఉంటాయి. అన్నీ ఒకే ఏటవాలుగా, ఈ గట్టునుంచి ఆ గట్టుకి సాగి ఉన్నాయి.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. అది పని తెలిసినవాడి ప్రశ్న.

"ఇవి పైపైన ఆనుకుని ఉన్నాయా అమ్మా, లేక కొసలు లోపలికి దిగాయా? రెండు పక్కలా దిగకపోతే అది పట్టు కాదు. ఊరికే పరిచినట్టు."

కణాలమ్మ, డాక్టరమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మేం ఇన్నాళ్ళూ వెతుకుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నకి జవాబే మేస్త్రి గారూ" అంది డాక్టరమ్మ. "ఈ చివర చూడండి. కొస వేరులోకి దిగింది. దాని చుట్టూ లేతరంగు పొర కొత్తగా కట్టింది. ఆ చివర ఎముకలోకి దిగింది."

మేస్త్రి చూశాడు. దిగింది. రెండు పక్కలా దిగింది. దారాలు వదులుగా వేలాడటం లేదు. లాగి కట్టినదానికీ, పరిచి వదిలేసినదానికీ తేడా ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అవి లాగి కట్టినవి.

"ఎవరు కట్టారమ్మా ఇది?" అన్నాడు.

"మీ కణాలే. ఆ ఆరు వారాల్లో."

"లెక్కలోంచి తీసేశారుగా నన్ను."

"లెక్కలో మీరు లేరు. నిజమే" అంది డాక్టరమ్మ. "కానీ మిగతా పదకొండుమందిలో చాలామందికి ఎక్స్‌రేలో ఎముక పెరిగినట్టు కనబడుతోంది. లోపల నిజంగా పట్టుందో, ఊరికే నిండిందో ఎక్స్‌రే చెప్పదు. కోసి చూస్తేనే తెలుస్తుంది. బాగుపడిన పన్నుని ఎవరు పీకించుకుంటారు చెప్పండి? మేం అడగలేం, అడగకూడదు. మాకు దొరికింది ఇది ఒక్కటే. మీరు ఆరోజు క్యారెట్ అని వెళ్ళిపోయుంటే, ఈ పన్నుని కోసి చూద్దామన్న ఆలోచన కూడా మాకు వచ్చేది కాదు."

మేస్త్రికి ఆ మాటలు వినబడ్డాయి గానీ మనసు ఆ దారాల దగ్గరే ఉండిపోయింది. గ్రంథాలయం కుర్చీ ముందు కూర్చుని ఆయన మేకులు నోట్లో పోసుకున్న క్షణాన ఇవి లోపల కడుతూనే ఉన్నాయి. భయపడి దాచిన ఆ తొమ్మిది రోజులూ కింద పట్టుకునే ఉన్నాయి. పైనుంచి చీము దిగుతుంటే కూడా వదల్లేదు. పన్ను తనకోసం అంత చేస్తోందని తెలియక తను దానికి ఆ పని చేశాడు. ఆయన కళ్ళు నిండి గొట్టంలో రంగులన్నీ కలిసిపోయాయి. తల పక్కకి తిప్పి, చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

"జరగండి, నన్ను చూడనివ్వండి" అంది భార్య.

ఆవిడ పీట మీద కూర్చుని, కళ్ళజోడు తీసి, గొట్టంలో చూసింది. ఎక్కడ చూడాలో కణాలమ్మ చెప్పింది. ఆవిడ కదలకుండా చూసింది.

"ఎంత వరసగా ఉన్నాయండీ" అంది చివరికి, గొట్టంలోంచి కళ్ళు తీయకుండానే. "అచ్చం మీ పనిలా ఉంది."

"నేను చెడగొట్టిన పనే అది."

"చెడగొట్టకముందు చేసింది కూడా మీరే కదా" అంది ఆవిడ.

ఆవిడ లేచి చోటిచ్చింది. ఆయన మళ్ళీ పీట మీద కూర్చున్నాడు.